వీఎం రీసెట్, షట్‌డౌన్: పాత పోర్టులా, నేరుగా హైపర్‌వైజర్‌కు కాల్ చేయడమా?

వీఎం అంటే వర్చువల్ మెషిన్; దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్, దాని లోపల నడిచే ఓఎస్ గెస్ట్. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) గెస్ట్ రీసెట్ కావడానికి పాత కీబోర్డ్ కంట్రోలర్ పోర్టు, అంటే హెక్స్ 64లో ఎఫ్ఈ అనే విలువ రాయొచ్చు. ఆఫ్ కావాలంటే ఏసీపీఐ (పవర్ నిర్వహణ ప్రమాణం) పవర్ రిజిస్టర్ ఉంది. మార్పులు చేయని పాత ఓఎస్ కూడా నడవడం దీని పెద్ద బలం. బదులుగా ఆ పరికరాలను హైపర్‌వైజర్ అనుకరించాలి. ఏ దారీ పనిచేయకపోతే గెస్ట్ కావాలనే ట్రిపుల్ ఫాల్ట్, అంటే వరుస లోపాలతో ప్రాసెసర్ ముందుకెళ్లలేని స్థితి, తెచ్చుకుంటుంది. అది రీసెట్ కోరిందా, క్రాష్ అయిందా? బయటి నుంచి తేడా తెలియదు. నాకు అసలు టెన్షన్ ఇక్కడే.

ఆర్మ్ ప్రాసెసర్లలోని పీఎస్‌సీఐ (పవర్ కోరికలకు వాడే ప్రామాణిక కాల్‌లు) ఆ సందేహానికి చోటివ్వదు: ఆఫ్‌కు ఒక కాల్, రీసెట్‌కు మరొకటి. కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని హైపర్‌వైజర్) ఆ కోరికను యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయటి ప్రోగ్రామ్‌కు, అందిస్తుంది; ఏం చేయాలో అక్కడ వీఎంను నిర్వహించే ప్రోగ్రామ్, అంటే వీఎంఎం, నిర్ణయిస్తుంది. గెస్ట్‌కు ఆ కాల్ తెలిసి ఉండాలి, అంతే. కొత్త డిజైన్‌కైతే నేను దీన్నే ఎంచుకుంటాను. ఒక్క జాగ్రత్త: కాల్ చేసిన వీసీపీయూను (వీఎంలోని వర్చువల్ ప్రాసెసర్‌ను) వీఎంఎం అలాగే మళ్లీ నడపకూడదు.