"గెస్టులందరితో" అని అమ్మే టెక్కెన్ 7 సెకండ్ హ్యాండ్ డిస్క్ జోలికి పోకండి

అమ్మినవాడి పేరు రాయను, మీలో సగం మంది ఆయన దగ్గర కొన్నవాళ్లే. టెక్కెన్ 7 ఫైటింగ్ గేమ్, ఇది ప్లేస్టేషన్ 4 (పీఎస్4) డిస్క్. గెస్టులంటే వేరే గేమ్‌ల నుంచో సీరీస్‌ల నుంచో అరువు తెచ్చిన క్యారెక్టర్లు. "గీస్, నాక్టిస్, నీగన్ ముగ్గురూ ఉన్నారన్నా, ఫుల్ రోస్టర్" అని మామూలు డిస్క్ రేటు మీద 900 ఎక్కువ గుంజాడు. ఇంట్లో పెడితే ముగ్గురూ మాయం. అకూమా ఉన్నాడు. ఉంటాడు, స్ట్రీట్ ఫైటర్ వాడైనా అతను డిస్క్‌లోనే వచ్చే గెస్టు. మిగతా ముగ్గురూ ఆన్‌లైన్ స్టోర్‌లో విడిగా అమ్మిన డీఎల్‌సీ, అంటే డౌన్‌లోడ్ చేసుకునే అదనపు సరుకు. అది కొన్న అకౌంట్‌నే పట్టుకుని ఉంటుంది, డిస్క్ ఎన్ని చేతులు మారినా కదలదు. ఈ సంగతి తెలిసీ డబ్బులిచ్చానంటే ఇక నన్నేమనాలి!

ఇచ్చింది ఎందుకంటే కళ్లముందే చూపించాడు. తన పీఎస్4లో కొత్త యూజర్‌ని తెరిచి, డిస్క్ పెట్టి, సెలెక్ట్ స్క్రీన్‌లో ముగ్గుర్నీ చూపించి "ఇంకేం కావాలన్నా?" అన్నాడు. కిటుకంతా అక్కడే ఉంది. ఆ పీఎస్4 ఆయన అకౌంట్‌కి ప్రైమరీ, అంటే ముఖ్య మెషిన్‌గా పెట్టుకున్నది. ప్రైమరీ మెషిన్‌లో ఒకరు కొన్న డీఎల్‌సీ అందులో ఉన్న ప్రతి యూజర్‌కీ పనిచేస్తుంది. కొత్త యూజర్ కాదు, పక్కింటి పిల్లాడు కూర్చున్నా నీగన్ వస్తాడు.

ఫోన్ చేస్తే: "డిస్క్ ఆడుతోందా లేదా? ఆడుతోంది కదా. ఆ బొమ్మల లెక్క కంపెనీవాళ్లని అడుక్కో." బొమ్మల లెక్కంట! 900 లెక్కపెట్టుకునేటప్పుడు అవి ప్రీమియం క్యారెక్టర్లు. తర్వాత బ్లాక్.

స్టోర్‌లో మళ్లీ కొనుక్కో అంటారేమో. సొంత క్యారెక్టర్లయితే సరే, గెస్టుల విషయంలో ఆ ధీమా పనికిరాదు. వాళ్ల హక్కులు వేరే కంపెనీవి, అగ్రిమెంటుకి గడువుంటుంది. అది తీరాక అమ్మకం ఆగిపోతుంది, అంతకుముందు కొన్నవాళ్లకి మాత్రం మిగులుతుంది. డెడ్ బై డేలైట్ అనే గేమ్‌లో స్ట్రేంజర్ థింగ్స్ సీరీస్ క్యారెక్టర్ల చాప్టర్ 2021 నవంబర్‌లో స్టోర్ నుంచి పోయి, 2023 నవంబర్‌లో గానీ తిరిగి రాలేదు. మధ్యలో రెండేళ్లు జేబులో డబ్బున్నా కొనే దారి లేదు. అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 అనే ఫైటింగ్ గేమ్‌ని 2013 డిసెంబర్‌లో డీఎల్‌సీతో సహా తీసేశారు. డిస్క్ ఉన్నవాళ్లు ఆడుకున్నారు, డీఎల్‌సీ క్యారెక్టర్లు జిల్, షూమా గొరాత్‌లని అప్పటికే కొనుక్కోనివాళ్లకి మాత్రం ఆ డిస్క్‌లో వాళ్లిద్దరూ దక్కలేదు.

నింటెండో స్విచ్‌లో స్మాష్ అల్టిమేట్ గేమ్ కార్ట్రిడ్జ్ కొనేవాళ్లకీ ఇదే గోల. స్నేక్, క్లౌడ్, ర్యూ కార్ట్రిడ్జ్‌లోనే ఉంటారు. జోకర్, బాంజో, స్టీవ్, సోరా డీఎల్‌సీ కాబట్టి ఉండరు, ఎవడు ఏ స్క్రీన్‌షాట్ పెట్టినా సరే.

కొనక తప్పదంటే, అమ్మేవాడి చేతే సెట్టింగ్స్, అకౌంట్ మేనేజ్‌మెంట్, "యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4"లోకి వెళ్లి డీయాక్టివేట్ చేయించండి. ఆ తర్వాత మీ అకౌంట్‌తో తెరిచి చూడండి. పీఎస్5 అయితే "కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే" ఆపించాలి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. బాక్స్‌లో కోడ్ చీటీ ఉందంటే దాని మీద గడువు తేదీ చూడండి, డిస్క్ రీజియన్ మీ స్టోర్ రీజియన్‌తో కలుస్తుందో లేదో కూడా. కలవకపోతే డబ్బుపెట్టి కొన్న డీఎల్‌సీ కూడా ఆ డిస్క్‌కి పట్టదు.