సాగర్ బ్యాక్‌వాటర్ నుంచి ట్రోమ్సో దాకా: 14 ఎంఎం మాన్యువల్ లెన్స్

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ దగ్గర రాత్రి ఫోటోలకు ఏళ్లుగా నేను వాడుతున్నది ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరా మీద 14 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్స్. చాలా వెడల్పైన దృశ్యం పడుతుంది, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. ఆటో ఫోకస్ లేదు. పోయిన చలికాలం దీన్నే నార్వేలోని ట్రోమ్సోకు తీసుకెళ్లి ధ్రువ కాంతులు తీశాను.

ఈ లెన్స్‌లో గీతలు వంగుతాయి. పెళ్లి మండపం స్తంభం వంగితే ఎవరూ పట్టించుకోరు గానీ నీటి అంచు వంగితే కంటికి మొదట తగిలేది అదే. అయితే ఫ్రేము నట్టనడుమ పోయే గీత మాత్రం తిన్నగానే ఉంటుంది. అందుకే నీటి అంచును మధ్యలోనే పెడతాను. అలా పెట్టొద్దని చాలామంది చెబుతారు, నీళ్లలో నీడ కావాలంటే ఆ మాట పక్కన పెట్టండి. పైన ఆకాశం ఎంత పడితే కింద ప్రతిబింబానికీ అంతే చోటు దొరుకుతుంది.

సాగర్ బ్యాక్‌వాటర్ పక్కనే ఉన్న వైజాగ్ కాలనీ ఒడ్డున ఎండాకాలంలో పాలపుంతకు షట్టర్ 20 సెకన్లు తెరిచి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 పెడతాను. అంతసేపట్లో అలలు కలిసిపోయి నీళ్లు నునుపుగా వస్తాయి. చేపలు పట్టేవాళ్ల పుట్టి మీద టార్చి వెలిగితే ఆ ఫ్రేము పోతుంది, అయినా అది వాళ్ల బతుకుదెరువు చోటు, లైటు ఆపమని అడగకూడదు.

ట్రోమ్సో దగ్గర ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున ఈ లెక్క పనికిరాలేదు. కాంతి జోరుగా కదిలేటప్పుడు 20 సెకన్లు తెరిస్తే మడతలన్నీ పోయి పచ్చటి మసక మిగులుతుంది. నాలుగైదు సెకన్లే పెట్టాను. అంత తక్కువలో అలలు నునుపు కావు కాబట్టి గాలి తగలని మూల వెతుక్కోవాలి. పైగా ప్రతిబింబం ఆకాశం కంటే చీకటిగానే ఉంటుంది. ఇక్కడే ఎఫ్ 2.8 అక్కరకొచ్చింది, ఎఫ్ 4 లెన్సయితే వెలుతురు సగమే వచ్చేది. 200 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు నా కంటికి ఆనలేదు, ఫోటోలో మాత్రం పడింది. ఆ సంతోషం ఇంకా పోలేదు.

ఫోకస్ రింగు మీది ఇన్‌ఫినిటీ (చాలా దూరానికి ఫోకస్) గుర్తును నమ్మకండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, వెలుగున్న చుక్కను పెద్దది చేసి అది స్పష్టంగా కనిపించేదాకా రింగు తిప్పి, కదలకుండా టేపు వేసేయండి. ముందు గాజు ఉబ్బి ఉంటుంది, ఫిల్టరు పట్టదు, దాని మీద మంచు తేమ తొందరగా పడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పగటి ఫోటో చూసి డబ్బులివ్వకండి. చుక్కల ఫోటో తీసి రెండు పక్కల మూలలూ పోల్చి చూడండి. ఒక పక్కే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగి ఉండొచ్చు, అది తీసుకోకండి.