చెత్త బండి రివ్యూ: మనుషులకు 5, ఏర్పాట్లకు 2

డెలివరీ కాస్త లేటైతే ఒక స్టార్ కోసేస్తాం, కొన్న ఛార్జర్ రంగు నచ్చకపోయినా పేరాలు పేరాలు రాస్తాం, కానీ రోజూ పొద్దున్నే గుమ్మం ముందుకొచ్చి మన ఇంటి కంపు మోసుకెళ్లే చెత్త బండికి మాత్రం ఎవరూ రివ్యూ రాయరు. బండి రాని రోజున గ్రూపులో మెసేజ్‌లే మెసేజ్‌లు. అందుకని వచ్చిన రోజుల గురించి నేను రాస్తున్నా.

టైం విషయంలో వంక పెట్టడానికి లేదు. జోరువానలో కూడా ఈల వినబడుతుంది. సెలవుల మర్నాడు చెత్త రెట్టింపవుతుంది, వచ్చేది మాత్రం ఆ ఇద్దరే, బండి నడిపే అన్న, డబ్బాలు ఎత్తే అక్క.

అసలు చూడాల్సింది పనితనం. అక్క డబ్బా అందుకోగానే బరువును బట్టే పసిగట్టేస్తారు, "తడి చెత్తలో సీసా పడిందమ్మా" అంటారు, చూస్తే నిజంగానే అడుగున సీసా ఉంటుంది. సంచిని ఎప్పుడూ మూతి దగ్గరే పట్టుకుని ఒంటికి దూరంగా ఎత్తుతారు, కింద చెయ్యి పెట్టరు, ఎందుకంటే పగిలిన గాజు, వాడేసిన సూదులు దిగేది అడుగుకే. అలాంటి సూది గుచ్చుకుంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు. ఎలుకల మూత్రంతో తడిసిన చెత్త చేతి గాయానికి తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. నడుము నొప్పి సరేసరి. పాత ఫోన్ బ్యాటరీలది ఇంకో గొడవ, చెత్తను నొక్కే యంత్రంలో లిథియం బ్యాటరీ నలిగిందంటే బండికే నిప్పంటుకోవచ్చు. ఇదంతా మనం డబ్బాలో పడేసి చేతులు కడుక్కున్న తర్వాత జరిగే కథ.

"చివరికి అంతా ఒకే గుట్టలో పోస్తారు, వేరు చేసి ఏం లాభం" అనేవాళ్లుంటారు. కొన్నిచోట్ల అలా పోస్తున్నారు కూడా, అది పోయించేవాళ్ల తప్పు, మోసేవాళ్లది కాదు. తడి చెత్త అడుగున పడి గాలాడక కుళ్లితే మీథేన్ అనే వాయువు పుడుతుంది, విడిగా ఇస్తే ఎరువవుతుంది, తడవని కాగితం, అట్టపెట్టెలు మళ్లీ పనికొస్తాయి. 1884లోనే పారిస్‌లో యూజీన్ పుబెల్ అనే ఉన్నతాధికారి కుళ్లేవి ఒక డబ్బాలో, కాగితాలు గుడ్డలు ఒకదాంట్లో, గాజు పింగాణీ ఇంకోదాంట్లో వేయాలని ఉత్తర్వు తెచ్చాడు. మా పక్కింటాయన మాత్రం ఇప్పటికీ "ఇవేం కొత్త రూల్సండీ" అని విసుక్కుంటారు. అదే పారిస్‌లో 2023 మార్చిలో పింఛను వయసు పెంచొద్దని చెత్త కార్మికులు సమ్మెకు దిగితే వీధుల్లో దాదాపు 10,000 టన్నుల చెత్త పేరుకుపోయింది. ఈ సర్వీసు విలువ ఎంతో చెప్పడానికి అంతకంటే పెద్ద రివ్యూ ఎవరు రాస్తారు?

ఇక స్టార్లు కోసేది ఏర్పాట్లు చేసేవాళ్లకి. అక్క చేతికి ఉన్నవి పల్చటి గ్లౌజులు, సూది కాదు కదా ముల్లు కూడా ఆపవు. బండికి పైన కప్పు లేదు. మనిషి సెలవు పెడితే బదులు ఎవరూ రారు, ఉన్న ఒక్కరే రెండు పనులూ చేస్తారు. ఇవి చిన్న విషయాలు కావు. 1968లో అమెరికాలోని మెంఫిస్‌లో ఇద్దరు కార్మికులు వానకి తలదాచుకోవడానికి చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కితే, నొక్కే యంత్రం దానంతటదే కదిలి వాళ్లని నలిపేసింది. ఆ తర్వాత దాదాపు 1,300 మంది పని ఆపేసి రోడ్డెక్కారు, "నేనూ మనిషినే" అని అట్టల మీద రాసుకుని మరీ నడిచారు. వాళ్లకి మద్దతుగా వెళ్లినప్పుడే నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యారు. పాత బండి, నాసి గ్లౌజులు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

కాబట్టి అన్నకీ అక్కకీ 5, వాళ్లకి సామాను ఇచ్చేవాళ్లకి 2, అది కూడా బండి రోజూ కదులుతోంది కాబట్టి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి, గాజు పెంకులైతే అట్టపెట్టెలో పెట్టి నోటితో కూడా చెప్పండి. బ్యాటరీలు మీ దగ్గర విడిగా తీసుకుంటున్నారా? మా బండిలో వాటికి ఇంకా చోటు లేదు, ఈ వారం ఫిర్యాదు పెడుతున్నా.