కోహౌసింగ్ చూడబోతే భోజనాల రోజున వెళ్లండి

కోహౌసింగ్ చూసొద్దామని వెళ్లేవాళ్లలో చాలామంది మధ్యాహ్నం ఓ గంట తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఆ వేళప్పుడు కనిపించేది తోట, మూసిన తలుపులు. ముందుగా ఉత్తరం రాసి రెండు రాత్రుల బస అడగండి. అందులో ఒకటి ఉమ్మడి భోజనం ఉన్న రాత్రి కావాలి.

కోహౌసింగ్ అంటే ఇరుగుపొరుగు కావాలని కలిసి ఉండే కాలనీ. ఇది సత్రమూ కాదు, సంపాదనంతా కలిపేసుకునే కమ్యూనూ కాదు. ఎవరి ఇల్లు, ఎవరి వంటిల్లు, ఎవరి సంపాదన వాళ్లదే. వాటికి తోడు అందరిదీ అయిన ఉమ్మడి ఇల్లు ఒకటి ఉంటుంది: పెద్ద వంటశాల, భోజనాల హాలు, బట్టలుతికే గది, పిల్లలు ఆడుకునే చోటు, అతిథులకో గది.

ఈ తరహాకు పుట్టిల్లు డెన్మార్క్. 1972లో 27 ఇళ్లతో సెట్టెడామెన్ అనే కాలనీ వచ్చింది. చూసి నేర్చుకోవడానికైతే 1981 నాటి త్రూడెస్‌లుండ్ (33 ఇళ్లు) మేలు. కార్లు అంచునే ఆగిపోతాయి, ఇంటికి నడిచే పోవాలి. ఆ నడకలోనే పలకరింపులు. జిస్ట్రుప్‌లోని సావ్‌వెర్కెట్ (1984, 21 ఇళ్లు) ఇళ్ల మధ్య నడిచే వీధికే అద్దాల కప్పు వేసేసింది. చలికాలంలోనూ పిల్లలు బయట ఆడుకుంటారు. కానీ గడప దాటితే ఎవరో ఒకరు ఎదురుపడుతూనే ఉంటారు, ఒంటరిగా ఉండాలనుకునేవాళ్లకు అదే ఇబ్బంది.

అమెరికాలోని డేవిస్‌కు వెళ్తే కొత్తగా కట్టినదీ, ఉన్న ఇళ్లను కలిపినదీ రెండు రకాలూ ఒకే ఊళ్లో చూడొచ్చు. మ్యూర్ కామన్స్ (1991, 26 ఇళ్లు) కోహౌసింగ్ కోసమే కట్టినది. ఎన్ స్ట్రీట్‌లో మాత్రం 1986 నుంచి పక్కపక్క ఇళ్ల మధ్య కంచెలు ఒక్కొక్కటే పీకేస్తూ పోయారు. ఒక్కటే చూసే తీరిక ఉంటే రెండోదానికే వెళ్లండి. ఖాళీ స్థలం కొని మొదటినుంచీ కట్టే స్తోమత లేనివాళ్లకు దారి చూపేది అదే.

పెద్దవయసువాళ్లకు స్టాక్‌హోమ్‌లో ఫేర్డ్‌క్నెప్పెన్ (1993, 43 ఫ్లాట్లు) ఉంది. లండన్‌లోని న్యూ గ్రౌండ్ యాభై దాటిన ఆడవాళ్లది, 25 ఫ్లాట్లు. 1998లో జట్టుకట్టినవాళ్లకు 2016లో గానీ తాళాలు చేతికి రాలేదు. అందుకే ఎక్కడికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మొదట చేరినవాళ్లలో ఎంతమంది గృహప్రవేశం దాకా నిలిచారు?

ఇక అసలు పరీక్ష వంట వంతుల పట్టిక. ముప్పై ఇళ్లు, అరవై మంది పెద్దవాళ్లు ఉన్నారనుకోండి. వారానికి మూడు భోజనాలు, పూటకు వండేవాళ్లు ఇద్దరు, కడిగేవాళ్లు ఇద్దరు అంటే వారానికి పన్నెండు వంతులు. అందరూ దిగితే ఒక్కొక్కరికి ఐదు వారాలకోసారి వస్తుంది, హాయిగా సాగిపోతుంది. నలభై మందే చేస్తే మూడు వారాలు దాటగానే మళ్లీ వంతు పడుతుంది, అక్కడ సణుగుడు మొదలవుతుంది. పట్టికలో అవే నాలుగు పేర్లు మళ్లీ మళ్లీ కనబడుతుంటే, ఆ ఉమ్మడి ఇల్లు ఎంత అందంగా ఉన్నా అనుమానించాల్సిందే.

హాల్లో పైకప్పు చూడండి. ఎత్తైన కప్పు, నున్నటి నేల, వట్టి గోడలు కలిస్తే నలభై మంది మాటలు గింగిరాలు తిరుగుతాయి. వినికిడి తగ్గిన పెద్దలు రావడం మానేస్తారు, చాలాచోట్ల కారణం కూడా చెప్పరు. కప్పుకు ధ్వనిని పీల్చే పలకలు బిగిస్తే తేడా ఆ పూటే తెలుస్తుంది. గిన్నెలు కడిగే మెషీన్ ఇళ్లలో వాడేదైతే ఒక్కో విడతకు గంట పైనే పడుతుంది. హోటళ్లలో వాడేదైతే రెండు మూడు నిమిషాలు. కడిగే వంతుకు జనం ఎగబడతారా, ఎగ్గొడతారా అన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది.

ఇళ్లముందు వరండా రెండు మీటర్ల లోతైనా ఉందా? లేకపోతే కుర్చీ వేశాక మనిషి దాటే చోటుండదు, ఎవరూ కూర్చోరు. వంటింటి కిటికీ దారివైపు తిరిగి ఉంటే మరీ మంచిది.

అతిథి గదిలో హోటల్ సేవలు ఆశించకండి. పడక దుప్పట్లు మీరే తీసి ఉతకడానికి వేయాలి. గది బట్టలుతికే గదికి ఆనుకుని ఉందేమో ముందే అడగండి, రాత్రి మెషీన్ల మోతకు నిద్ర పట్టదు.

తిన్నాక కడిగేవాళ్లతో కలిసి నిలబడండి. సైకిళ్లు దారికడ్డంగా పెట్టేదెవరు, వంతు ఎగ్గొట్టేదెవరు, ఎవరి కుక్క మీద ఎవరికి కోపం, సమావేశాల మినిట్స్‌లో లేనివన్నీ ఆ సింకు దగ్గరే వినబడతాయి.