హెపటైటిస్ సి టెస్టు: ఆసుపత్రిలోనా, ఇంట్లోనా, వీధి ఫార్మసీలోనా?

స్కాట్లండ్‌లో హెరాయిన్ మానడానికి మెథడోన్ వాడేవాళ్లలో చాలామంది రోజూ ఫార్మసీకి వస్తారు. ఫార్మసిస్టు చిన్న కప్పులో మందు పోసిస్తే అక్కడే, ఆయన ఎదుటే తాగి వెళ్లాలి. ఒకరి సూది ఒకరు వాడుకోవడం వల్ల హెపటైటిస్ సి ముప్పు ఎక్కువగా ఉన్నదీ వీళ్లకే. వీళ్లకు టెస్టు ఎక్కడ చేస్తే మేలు?

పాత పద్ధతిలో ఫార్మసిస్టు హెపటైటిస్ చికిత్స చేసే సెంటర్‌కి రాసి పంపిస్తాడు. అక్కడి వైద్యానికి వంక పెట్టలేం, కానీ మనిషి అక్కడిదాకా చేరాలి కదా! అపాయింట్‌మెంటు, బస్సు ఛార్జీ, వెయిటింగ్ హాల్లో నలుగురి చూపులు. పైగా ఈ జబ్బు ఏళ్ల తరబడి నొప్పీ గిప్పీ లేకుండానే కాలేయాన్ని పాడుచేస్తుంది. దాంతో రేపు చూద్దాంలే అనుకుంటారు.

ఫార్మసీలోనైతే వేలి కొసన గుచ్చి, కార్డు మీద నాలుగు రక్తపు చుక్కలు ఆరబెట్టి ల్యాబ్‌కి పంపుతారు. రిపోర్టు చెప్పడానికి ఎవరినీ వెతుక్కోనక్కర్లేదు, మనిషి ఎలాగూ మందుకి వస్తాడు. ఈ రెండు పద్ధతులనూ స్కాట్లండ్‌లో 55 ఫార్మసీల్లో పోల్చి చూసి, ఫలితాలను 2020లో ప్రచురించారు. ఫార్మసిస్టే అన్నీ చూసుకున్న వైపు మెథడోన్ వాడే 1,353 మందిలో 98 మందికి హెపటైటిస్ సి నయమైంది. రాసి పంపిన వైపు 1,365 మందిలో 43 మందికే. నా దృష్టిలో ఈ తేడా టెస్టు ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. వైరస్‌ని తుడిచేసే మాత్రలు కూడా మెథడోన్‌తో పాటు అదే కౌంటర్‌లో ఇచ్చారు. అసలు బలం అక్కడుంది.

ఇంగ్లండ్ కూడా 2020 సెప్టెంబరులో ఫార్మసీల్లో టెస్టులు మొదలుపెట్టింది. అయితే అది మత్తు ఇంజెక్షన్లు తీసుకుంటూ, మత్తు మాన్పించే ఏ చికిత్సలోనూ ఇంకా చేరనివాళ్లకు, అంటే రోజూ మందుకోసం వచ్చే అలవాటు లేనివాళ్లకు. చేసేది యాంటీబాడీ టెస్టు. అందులో పాజిటివ్ వస్తే వైరస్ ఎప్పుడో సోకిందని మాత్రమే అర్థం. ఇప్పుడు ఉందో లేదో తేల్చడానికి మరో టెస్టుకి వేరేచోటికి వెళ్లాల్సి వచ్చేది. మనుషులు చేజారిపోయేది సరిగ్గా ఆ మలుపులోనే. 2023 మార్చి ఆఖరుతో ఆ పథకం ఆగిపోయింది.

అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఇంటికే టెస్టు కిట్ పంపడం మొదలుపెట్టారు. రక్తంలో ఈ వైరస్ ఉందేమో చూడకుండానే ఎక్కించిన రోజుల్లో, అంటే ఎప్పుడో 1991కి ముందు రక్తం ఎక్కించుకున్న పెద్దావిడకి ఇదే హాయి, ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. కానీ ఇల్లే లేనివాడికి పోస్టులో కిట్ ఎక్కడికి పంపుతారు?

మన దేశంలో 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో టెస్టులు, మందులు ఉచితం. మన మెడికల్ షాపుకి రోజూ వచ్చి ఎదురుగా మందు తాగి వెళ్లేవాళ్లు లేరు కాబట్టి స్కాట్లండ్ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం.

మెథడోన్‌కి రోజూ వచ్చేవాళ్ల విషయంలో మాత్రం నా ఓటు ఫార్మసీకే. కాకపోతే మాట్లాడుకోవడానికి పక్కన తలుపున్న గది ఉండాలి, ఫార్మసిస్టు వెచ్చించే సమయానికి డబ్బు కట్టివ్వాలి, టెస్టు చేసిన చోటే మాత్రలూ దొరకాలి.