చేత్తో రంగులా, టేబుల్ స్టైలా, సెల్ స్టైలా: ఎక్సెల్‌లో ఏది మేలు?

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు మూడేళ్లుగా నేనే చూస్తున్నాను. 40 ఫ్లాట్లు, నెలకో షీటు. మొదట్లో వరస విడిచి వరసకి బూడిద రంగు నేనే నింపేవాణ్ణి, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒకసారి బాకీ ఎక్కువున్న ఫ్లాట్లు పైకి రావాలని సార్ట్ చేశాను. రంగులు కూడా వరసలతోపాటే కదిలిపోయాయి. ఒకచోట మూడు బూడిద వరసలు పక్కపక్కన, ఇంకోచోట ఐదు తెల్లవి. మర్నాడు పొద్దున్నే మీటింగు. ఆ టెన్షన్‌లో రాత్రి పదకొండున్నర దాకా మళ్లీ రంగులేస్తూ కూర్చున్నాను.

టేబుల్ స్టైల్‌తో, అంటే డేటాని టేబుల్‌గా మార్చి ఎక్సెల్ ఇచ్చే రెడీమేడ్ డిజైన్ వాడితే, ఆ బాధ లేదు. డేటాలో ఏదో ఒక సెల్‌లో ఉండి కంట్రోల్, టీ నొక్కితే చాలు. సార్ట్ చేసినా, ఫిల్టర్ పెట్టినా, మధ్యలో వరస తీసేసినా చారలు వాటంతటవే సర్దుకుంటాయి. చివర కొత్త ఫ్లాట్ రాస్తే స్టైలూ, కాలమ్‌లోని ఫార్ములా కూడా కిందికి వస్తాయి. టేబుల్ లోపల సెల్స్ మెర్జ్ చేయనివ్వదు, అంటే కలిపి ఒకటిగా చేయనివ్వదు, కాబట్టి అపార్ట్‌మెంట్ పేరు టేబుల్‌కి పైన రాసుకోవాలి.

చాలామంది బోల్తా పడేది పాత రంగుల దగ్గర. చేత్తో వేసిన రంగు టేబుల్ స్టైల్‌ని కప్పేస్తుంది. ఎంత మంచి స్టైల్ ఎంచుకున్నా ఆ సెల్స్ మారవు. టేబుల్ స్టైల్స్ జాబితాలో నచ్చిన స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి 'అప్లై అండ్ క్లియర్ ఫార్మాటింగ్' ఎంచుకోండి, పాతదంతా పోతుంది.

సెల్ స్టైల్ పని వేరు: అక్షరాల తీరు, రంగు కలిపి ఒక పేరుతో దాచుకుని, కావాల్సిన సెల్స్‌కి వేసుకునేది. నేను 'వసూళ్ల మొత్తం' అని ఒకటి పెట్టుకున్నాను: బోల్డ్ అక్షరాలు, లేత పసుపు. ఆ స్టైల్‌ని ఒక్కసారి మాడిఫై చేస్తే ఫైల్‌లో అది వాడిన 12 నెలల షీట్లూ మారతాయి. బాకీలకి మాత్రం ఇది పనికిరాదు, డబ్బు కట్టాక రంగు దానంతటది పోదు. అక్కడ సెల్‌లోని విలువని బట్టి రంగు మారే కండిషనల్ ఫార్మాటింగే పెట్టాలి.

గూగుల్ షీట్స్‌లో వాడేవాళ్లకి చారల కోసం 'ఆల్టర్నేటింగ్ కలర్స్' ఎప్పటినుంచో ఉంది, 2024లో టేబుల్స్ కూడా వచ్చాయి.

నా ఓటు టేబుల్ స్టైల్‌కే. చేత్తో రంగులు నోటీసు బోర్డు మీద అంటించే ఒక్క పేజీకైతే సరే, నెలనెలా పెరిగే లెక్కలకి వద్దు.