పెట్రోల్ కారే పాత బండి: ఆరేళ్ల మరమ్మతుల్లో నిలిచినవి, నిలవనివి

ఒకే సిలిండరుతో నడిచే నా పాత మోటారు సైకిలుకు పెట్రోల్ కారే జబ్బు పట్టుకుని ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ట్యాంకు లోపల పూసే ఎపాక్సీ సీలర్‌నూ, రెండు రకాల పెట్రోల్ కాక్‌లనూ (ట్యాంకు అడుగున పెట్రోల్‌ను వదిలే, మూసే కుళాయిలు), మూడు రకాల పైపులనూ, కార్బొరేటర్ నీడిల్‌నూ (పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బొరేటర్‌లోకి పెట్రోల్ వచ్చే దారిని మూసే సూది) వాడి చూశాను. బిగించిన మర్నాడు ఏ సరుకైనా బాగానే పనిచేస్తుంది కనుక, ఎండకూ వానకూ ఓర్చుకున్న తర్వాత ఏది ఎలా మిగిలిందన్నదే ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ ఖర్చూ శ్రమా పెట్టిన సీలరే నన్ను నిరాశపరిచింది. గుప్పెడు వాషర్లూ, ఒక అద్దం పలకా, కాస్త ఎమరీ కాగితమూ చేసిన మేలు అది చేయలేదు.

చుక్క పడిన చోటుకు సరిగ్గా పైనే లీకు ఉంటుందనుకోవడం నా మొదటి పొరపాటు. పెట్రోల్ మహా పలచన. ట్యాంకు అంచు వెంబడి, పైపు మీదుగా, కేబుళ్ల మీదుగా పాకి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడ చుక్కై రాలుతుంది. దారిలోనే చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి, చిన్న లీకయితే వాసన తప్ప మరేమీ తెలియదు. నా బండికి చుక్క ట్యాంకు అడుగు అతుకు కిందుగా పడేది. అందుచేత ఆ అతుకే తుప్పు తిని చిల్లు పడిందని తీర్మానించుకున్నాను. తర్వాత నేర్చుకున్న పద్ధతి ప్రకారమైతే, అనుమానమున్న భాగాలన్నిటినీ పొడిగా తుడిచి, టాల్కం పౌడరు పలచగా చల్లి, కాక్ మూసి ఒక రాత్రి ఉంచాలి. తెల్లారేసరికి పౌడరు తడిసి చార కట్టి ఉంటే, ఆ చార పైకొన దగ్గరే లీకు ఉన్నట్టు. అంతా పొడిగానే ఉంటే, కాక్ తెరిచి మళ్లీ పరీక్షించాలి; అప్పుడు దోషం ట్యాంకు వైపుదా, దిగువనున్న పైపూ కార్బొరేటర్లదా అన్నది తేలిపోతుంది. పెట్రోల్ సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరినిస్తుంది, ఆ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలబారున పరుచుకుంటుంది. ఇవన్నీ ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయవలసిన పనులు.

ఇక సీలర్ సంగతి. సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటితో ట్యాంకు తుప్పు వదిలించి, వంటసోడా నీటితో కడిగి, ఆరబెట్టి, రెండు ద్రవాలు కలిపి తయారుచేసుకునే ఎపాక్సీని లోపల పోసి, గోడలన్నిటికీ అంటేలా ట్యాంకును చాలాసేపు అటూ ఇటూ పొర్లించాను. లీకు ఆగింది. రెండేళ్లకు పైగా సీలర్‌ను మెచ్చుకుంటూ తిరిగాను. మూడో ఏట బండి గతుకులు పడుతూ నడిచి ఆగిపోతే, కాక్ విప్పి చూద్దును కదా, జల్లెడ చుట్టూ ఉల్లిపొరల్లాంటి మెత్తటి పెచ్చులు చుట్టుకుని ఉన్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత తరహా సీలర్లు చాలా మటుకు మెత్తబడి ఊడివస్తాయి. నా తప్పూ కొంత ఉంది: కడిగిన ఉక్కు తడి ఆరేలోపే సన్నని తుప్పు పొర కడుతుంది, నేను ఆ పొర మీదే పూత పోశాను. అసలు చేదు నిజం వేరే ఉంది. అతుకులో చిల్లే లేదు. సీలర్ పోయడానికి కాక్ విప్పి, మళ్లీ బిగించేటప్పుడు కొత్త ఫైబర్ వాషర్ వేశాను. లీకును ఆపింది ఆ వాషరే! ఆ పెచ్చులను ట్యాంకులోంచి పూర్తిగా గీకి తీయడం సీలర్ పోయడంకంటే పదింతల పని అయింది. ట్యాంకుకు నిజంగానే చిల్లు పడితే, లోపలి ఆవిరిని పూర్తిగా తొలగించగల అనుభవజ్ఞుడి చేత బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేయించడమే మేలని ఇప్పుడు నా అభిప్రాయం. నెలల తరబడి ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా మంట తగిలితే పేలగలదు కనుక ఇది ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

కాక్ విషయంలో పాత బెండు రకం మీద నాకింకా గౌరవం ఉంది. బెండు పెట్రోల్‌లో నానుతున్నంత కాలం ఉబ్బి గట్టిగా మూసుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసి బండిని మూలన పెడితే మాత్రం ఎండి కుంచించుకుపోయి, మళ్లీ పోసిన రోజు ధారకడుతుంది. అటువంటి బెండును వేడినీళ్లలో కాసేపు మరిగిస్తే చాలాసార్లు కోలుకుంటుంది. నేను రెండోసారి వేసినది రబ్బరు ఓ-రింగు గల మీట రకం. అది నాలుగేళ్లుగా తిప్పలు పెట్టలేదు, అయితే వేసే ముందు దాని ముఖం చదును చేయవలసి వచ్చింది. అద్దం మీద సన్నని ఎమరీ కాగితం పరిచి, దానిపై కాక్ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే, ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి, గుంటలు మసకగా మిగిలిపోతాయి. ముఖమంతా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దాలి. మరలకు తెల్ల టేపు చుట్టేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొడవునా ఒకే లావుండే సమాంతర మరల్లో లీకును ఆపేది వాషరే గాని మర కాదు. తెగిన టేపు పోగులు మాత్రం నేరుగా కార్బొరేటర్‌లోని సన్నని రంధ్రమైన జెట్టులోకి చేరతాయి.

పైపుల గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు ఏడాదిలో పచ్చబడి కర్రలా బిగుసుకుంది. మామూలు రబ్బరు పైపు వంపు దగ్గర పగిలింది. ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరు పైపు ఇప్పటికీ వేళ్ల మధ్య నొక్కితే మెత్తగానే ఉంది.

చివరికి మిగిలింది కార్బొరేటర్. కాక్ తెరవగానే ఎక్కువైన పెట్రోల్ బయటికి పోయే ఓవర్‌ఫ్లో రంధ్రం నుంచి కారుతుంటే కొత్త నీడిల్ వేశాను, అయినా ఆగలేదు. పెట్రోల్ మట్టంతో పాటు తేలి నీడిల్‌ను మూసే బోలు ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పెట్రోల్ గలగలలాడింది. దాన్ని వేడినీళ్ల గిన్నెలో ముంచి పట్టుకుంటే, లోపలి పెట్రోల్ ఆవిరై, అతుకు దగ్గర సూదిమొనంత చోటు నుంచి సన్నని బుడగల వరుస పైకి లేచింది. బుడగలు ఆగి, ఊపినా చప్పుడు రాని దాకా ఓపిక పట్టి, విద్యుత్ టంకపు కడ్డీతో ఆ చోట టంకం పెట్టాను. మొదటిసారి టంకం ఎక్కువైంది. ఫ్లోట్ బరువెక్కి పెట్రోల్‌లో మరింత లోతుకు దిగడంతో, నీడిల్ మూసుకునేలోపే మట్టం పెరిగి మళ్లీ పొంగింది. అదనపు టంకాన్ని ఆకురాయితో అరగదీశాకే కుదిరింది. అయిదేళ్లుగా ఆ ఫ్లోటే పనిచేస్తోంది. రబ్బరు మొన గల కొత్త నీడిల్‌ను అలాగే ఉంచాను, ఎందుకంటే పాత ఇత్తడి నీడిల్ మొన చుట్టూ గోటికి తగిలేంత గాడి పడి ఉంది.

ఇప్పటికి వదలని లీకు ఒక్కటే. ట్యాంకు నిండుగా పోసి సైడు స్టాండు మీద వంచితే మూత నుంచి కాస్త చెమ్మ వస్తుంది. మూతకు బిగుతైన గ్యాస్కెట్ వేసి చూశాను గాని, అది గాలి రంధ్రాన్ని కూడా మూసేయడంతో కొంత దూరం వెళ్లాక పెట్రోల్ దిగక బండి ఆగింది. పాత గ్యాస్కెట్టే తిరిగి వేసి, రెండు వేళ్ల వెలితి ఉంచి పోయిస్తున్నాను.